భాయ్ పెట్టిన కొలతలు

కర్నూలులో మా చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో నా పక్కన కూర్చుని పనిచేసే ఆయన్ని అందరం భాయ్ అనేవాళ్లం. ఓర్వకల్లు దారిలో బైకు ప్రమాదంలో ఆయన పోయాక, ఆయన కంప్యూటరు నాకిచ్చారు.

కోడు రాస్తూ ఎంటర్ నొక్కితే కర్సరు కొత్త వరుస మొదట్లో కొంత ఖాళీ వదిలి, దానంతటదే జరిగి ఆగింది. పైథాన్ ఫైలులో నాలుగు స్పేసులు, వెబ్ పేజీలో రెండు. నాకేమో ఆ ఖాళీ కోసం అన్నిటికీ ట్యాబ్ మీటే అలవాటు. దీని మీద భాయ్‌కీ నాకూ ఎప్పుడూ వాదనే నడిచేది.

"ఒక్కో రకం ఫైలుకు ఒక్కో కొలత ఉండాదప్పా. అన్నీ ఒకటే అంటే ఎట్ల?" అనేవాడు.

మార్చేద్దామని ఎడిటర్ సెట్టింగ్స్ తెరిచాను. ఒక్కో ఫైలు రకానికి ఒక్కో అంకె పెట్టుకున్నాడు. డేటాబేస్ ఫైళ్లకు మాత్రం ట్యాబ్ అని ఉంది. ఆఫీసులో అవి రాసేది నేనొక్కణ్ణే. తను తెరిచినప్పుడు నా వరుసలు చెదరకూడదని అలా పెట్టాడు. ఆ మాట నాతో ఎన్నడూ అనలేదు.

"ఏం చూస్తాండావప్పా శానాసేపట్నుంచి?" అని వెనక నుంచి మేనేజరు అడిగాడు.

"ఏం లేదు సార్" అన్నాను.

ఏదీ మార్చకుండా మూసేశాను. ఇప్పటికీ ఎంటర్ నొక్కితే ఆయనే నాకంటే ముందు వెళ్లి అక్కడ నిలబడ్డట్టు ఉంటుంది.