ఎవరూ పోయని ఆయిల్

నా చిన్నప్పుడు, అంటే 1987 చలికాలంలో, మేం పరాయి దేశంలో, టూవూంబా అనే ఊళ్ళో, ఒక అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. నాన్న యూనివర్సిటీలో పాఠాలు చెప్పేవారు. అమ్మ గుంటూరులో ఎన్నో ఏళ్ళు నర్సుగా చేసి వచ్చినా, ఇక్కడ మళ్ళీ పరీక్షలు రాసి పాసయ్యాక గాని ఉద్యోగం రాలేదు. వచ్చింది కూడా ఊళ్ళో కాదు, గోధుమ పొలాల మధ్య ఉన్న ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో. కారులో ముప్పావు గంట దారి. ఆ దారిలో బస్సు లేదు. ఆమె చేరి అప్పటికి నెల కూడా కాలేదు.

కారుకి పదమూడేళ్ళు, నాకు పద్నాలుగు. ఒక శుక్రవారం సాయంత్రం డ్యూటీ నుంచి వస్తూ అమ్మ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, ఆయిల్ డబ్బా బొమ్మ ఉన్న ఎర్ర లైటు వెలిగింది. యాక్సిలరేటర్ తొక్కితే ఆరింది, కాలు తీస్తే మళ్ళీ వెలిగింది. ఇంజనులో ఆయిల్ ప్రెషర్ పడిపోతోందని దానర్థం. అలాగే నడిపితే ఇంజను పట్టేస్తుంది.

మర్నాడు పొద్దున్నే నాన్న మా చర్చికి వచ్చే ఒక తెలుగు అంకుల్ని పిలిచారు. ఆయన విజయవాడలో లారీల షెడ్డు నడిపిన మనిషి. బండి స్టార్టు చేయించి, బాగా వేడెక్కేదాకా ఆగి, లైటు చూసి పెదవి విరిచారు.

“బేరింగులు అరిగిపోయాయి బ్రదర్. ఇంజను మార్చాలంటే బండి ఖరీదు కంటే ఎక్కువవుద్ది. ప్రస్తుతానికి చిక్కటి ఆయిల్ పోయండి, లైటు ఆరిపోద్ది.”

“లైటు ఆరడమే కావాలంటే బల్బు పీకేస్తే పోలా, అన్నయ్యగారూ?” అంది అమ్మ.

అంకుల్ నవ్వారు. నాన్న నవ్వలేదు. సోమవారం అమ్మకి మళ్ళీ డ్యూటీ ఉంది. కారు లేకపోతే ఆ ఉద్యోగం లేదు, ఇంకో కారు కొనే స్తోమత మాకు లేదు. ఆసుపత్రిలో నర్సుల పెద్ద మేట్రన్‌కి ఫోన్ చేసి ఏమని చెప్పాలా అని ఇద్దరూ మెల్లగా మాట్లాడుకోసాగారు.

నేను చెప్పాలనుకున్న మాట ఒకటి నోట్లోనే ఉండిపోయింది. శనివారం పొద్దున ఇంజను చల్లగా ఉండగా ఆయిల్ చూడటం నా పని. ఆయిల్ చూసే పుల్లని తీసి, గుడ్డతో తుడిచి, మళ్ళీ దించి, రెండు గీతల మధ్య ఎక్కడిదాకా తడిసిందో చూడాలి. థర్మామీటరు చూసినట్టు కంటికి ఎదురుగా పట్టుకోవాలని అమ్మే నేర్పింది. కిందటి శనివారం ఆయిల్ సరిగ్గా మధ్యలో ఉంది. ఆ పొద్దున, అంకుల్ రాకముందు చూస్తే, పై గీత కూడా దాటి ఉంది. చివరికి ధైర్యం చేసి ఆ మాట అన్నాను.

“మంచిదేగా, నిండుగా ఉందన్నమాట,” అన్నారు నాన్న.

“మరి ఎవరు పోశారు?”

ఎవరూ పోయలేదు. అంకుల్ నా తల నిమిరి, “కిందటి వారం తుడవకుండా చూసుంటావులే అమ్మా,” అన్నారు. ఐ డిడ్ వైప్ ఇట్, అని గట్టిగా అరిచాను. కోపమొస్తే నాకు తెలుగు వచ్చేది కాదు. నాన్న నన్ను లోపలికి పొమ్మన్నారు.

అమ్మ మాత్రం పోనివ్వలేదు. “అది తుడవకుండా చూడదండీ. ఏదీ, చూపించు,” అంది.

చూపించాను. అమ్మ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, నాకూ చూపించింది. ఆయిల్‌తో పాటు పెట్రోలు వాసన. అయినా ముక్కుని ఒక్కదాన్నే నమ్మలేదు. వంటింట్లోంచి పేపర్ టవల్ తెప్పించి, ఇంట్లో ఉన్న కొత్త ఆయిల్ డబ్బాలోంచి ఒక చుక్క, పుల్ల మీద నుంచి ఒక చుక్క పక్కపక్కన వేసింది. కొత్త చుక్క గుండ్రంగా నిలబడింది. మాది పల్చగా, చుట్టూ వెలిసిపోయిన అంచుతో పాకిపోయింది. వార్డులో తిండి తినని పేషెంటు బరువు పెరిగితే మేం సంతోషించం, నీరు ఎక్కడ చేరుతోందో వెతుకుతాం, అంది అమ్మ.

అంకుల్ నుదురు కొట్టుకున్నారు. “అయ్యో, పెట్రోలు పంపు! లోపలి పొర చిరిగి, పెట్రోలు ఇంజనులోకి దిగుతోంది. ఆయిల్ నీళ్ళైపోతే ప్రెషర్ ఎక్కడ నిలుస్తుంది? వాసన చూడాలని నాకెందుకు తట్టలేదో!”

అప్పట్లో శనివారం షాపులు మధ్యాహ్నానికే మూసేసేవారు. నాన్న, అంకుల్ పరుగున వెళ్ళి కొత్త పంపు, ఆయిల్, ఫిల్టర్ తెచ్చారు. సాయంత్రం దాకా పెరట్లో అంకులే చొక్కా చేతులు మడిచి అన్నీ మార్చారు. చివర్లో ఒక మాట అన్నారు. పల్చటి ఆయిల్‌తో తిరిగింది కాబట్టి బేరింగులు నిజంగానే దెబ్బతిని ఉంటే, ఈ శ్రమంతా వృథా.

అందుకని ఆదివారం చర్చి అయ్యాక అమ్మ ఆసుపత్రి దాకా వెళ్ళి రావడానికి బయలుదేరింది. నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టి, నాన్నని వెనక సీట్లోకి పంపింది. లైటు చూసే బాధ్యత నాది. దారి పొడుగునా నేను పొలాల వైపు కన్నెత్తలేదు. తిరిగొచ్చేసరికి ఇంజను బాగా కాగింది. అదే సిగ్నల్ దగ్గర అమ్మ ఆగి, యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసింది. లైటు వెలగలేదు. సిగ్నల్ పచ్చగా మారినా అమ్మ కదలలేదు. వెనక ఎవరో హారన్ కొట్టాక నా వైపు చూసింది. వెలగలేదు, అన్నాను.

సోమవారం అమ్మ డ్యూటీకి వెళ్ళింది. ఆ ఆసుపత్రిలోనే చాలా ఏళ్ళు పనిచేసి, సిస్టర్ ఇన్‌చార్జి అయింది. కారు ఎలా బాగుపడిందని చర్చిలో ఎవరడిగినా, తన ముక్కు సంగతి చెప్పేది కాదు. మా అమ్మాయి చెప్పింది, నేను విన్నాను, అనేది.

పెద్దయ్యాక నేను ఒక ఆసుపత్రి ల్యాబులో చేరాను. నిన్నటి కంటే ఈ రోజు ఒక పేషెంటు రక్తం రిపోర్టు కారణం లేకుండా మెరుగ్గా వస్తే, నేను సంతకం పెట్టకుండా మళ్ళీ శాంపిల్ అడుగుతాను. నాతో పనిచేసేవాళ్ళు విసుక్కుంటారు, విసుక్కోనీ. కానీ కొత్తగా చేరిన పిల్లల్లో ఎవరైనా వచ్చి, “ఇది ఎక్కడో సరిపోవడం లేదు,” అంటే మాత్రం, నువ్వే పొరబడ్డావేమో అని నేను ఈనాటికీ అనలేదు. చేతిలో పని పక్కన పెట్టి, లేచి వాళ్ళ వెంట వెళ్తాను.