వాల్వు మూసే ఉంది

నమ్మితే నమ్మండి, లేకపోతే నవ్వుకోండి. దయ్యాల కబుర్లు చెప్పే మనిషిని కాను నేను. కానీ ఇది నా చెవులతో విన్నాను...

మాదన్నపేటలో మా ఇల్లు. దగ్గర్లోనే, విమాన భాగాల నమూనాలను గాలి వేగానికి పెట్టి పరీక్షించే ఒక విండ్ టన్నెల్ ల్యాబులో ఇంజనీరుని. రాత్రంతా పెద్ద ట్యాంకుల్లో గాలి నింపి, పొద్దున ధ్వనికంటే వేగంగా వదులుతాం. లోపల బిగించిన నమూనా రేకు మీద గాలి ఒక్కసారిగా నొక్కుకుని షాక్ తరంగం పుడుతుంది. రేకును అంటుకుని నెమ్మదిగా సాగే పలుచటి గాలిపొరకూ దానికీ పడదు. ఆ పెనుగులాటలో షాక్ ముందుకూ వెనక్కూ ఊగుతుంది. ఊపు మితిమీరితే రేకు విరుగుతుంది.

మా టెక్నీషియన్ యాదగిరన్న ఆ ఊపును చెవితో పట్టేవాడు. స్క్రూడ్రైవర్ మొన టన్నెల్ గోడకు, పిడి చెవికి. ఒకరోజు గాలి నడుస్తుండగా నా దగ్గరకు పరుగున వచ్చాడు.

"సార్, షాక్ మస్తు ఊగుతున్నది. ఆపుండ్రి."

ఆ ఊపును చూపే గీత కంప్యూటర్ తెర మీద తిన్నగా ఉంది. "నీ చెవులకు వయసైందన్నా" అన్నాను. అందరూ నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే రేకు విరిగింది. బిగింపు సరిగా లేదని రిపోర్టు రాశాను. బిగించింది ఆయనే. ఆయన్ను స్టోర్సుకు మార్చారు.

తర్వాత తెలిసింది... గీత నున్నగా కనబడాలని కంప్యూటర్లో కొలతలకు సగటు పెట్టింది నేనే. ఊపంతా అందులో కలిసిపోయింది. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ గడిపాను. ఈలోగా ఆయన గుండెపోటుతో పోయాడు.

మూడు వారాలకు నాకు రాత్రి డ్యూటీ పడింది. ట్యాంకులు నిండాయి. కంప్రెసర్ ఆగింది. టన్నెల్లోకి గాలి వదిలే వాల్వు మూసే ఉంది... రెండుసార్లు చూశాను. అప్పుడు వినిపించింది.

దబ్... దబ్... దబ్...

చాలా నెమ్మదిగా. టన్నెల్ లోపలి నుంచే. బల్ల మీద ఆయన స్క్రూడ్రైవర్ అలాగే ఉంది. మొన గోడకు పెట్టి, పిడి చెవికి ఆనించాను. లోపల ఏదో ముందుకు వస్తోంది... వెనక్కు పోతోంది... తెర చూశాను. గీత తిన్నగా ఉంది. సగటు తీసేశాను. గీత ఊగింది. రేకు విరిగిన రోజు గీత తెచ్చి పక్కన పెట్టాను. అదే ఊపు. కాసేపటికి ఆగిపోయింది.

పైపులు చల్లబడిన చప్పుడేమో. వాల్వులో సందుందేమో... ఉన్నా అంత ఊపు రాదు. ఏమో.

తెల్లారేలోపు రిపోర్టు తిరగరాసి, తప్పు నాదని సంతకం పెట్టాను. ఒక కాపీ జల్‌పల్లిలో ఆయన ఇంటికి తీసుకెళ్లాను. ఆయన భార్య అంతా విన్నది. కాగితం మాత్రం అందుకోలేదు.

"రోజూ అడుగుతుండె సారూ... నేను మంచిగనే బిగించిన గదా అని. నాకేం ఎరుక? ఆయనున్నప్పుడు తెస్తే మంచిగుంటుండె."

కాగితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను. ఇప్పుడు ప్రతి రాత్రి డ్యూటీలో కంప్రెసర్ ఆగాక, ఆ స్క్రూడ్రైవర్ చెవికి ఆనించి కూర్చుంటాను. ఆ చప్పుడు మళ్లీ రాలేదు. వస్తే బాగుండునని ఉంది.