బూటు వేసుకొని ప్రభువు బల్ల దాకా

సహోదరీ సహోదరులారా, యేసయ్య మాట నాకు మొదట చెప్పింది జమ్మలమడుగులో మా ఎదురింటి మార్తమ్మక్క. బడి మొహం చూడని నాకు మా నాయన ఇంట్లోనే అక్షరాలు దిద్దించాడు, ఆ అక్షరాలతో వాక్యం చదువుకోవడం ఆమె నేర్పింది.

నాలుగేండ్ల కింద నా కుడికాలు మొరాయించింది. పాదం ముందువైపు పైకి లేచేది కాదు, వేళ్ళు నేలకు తగిలి తూలేదాన్ని, తగలకుండా ఉండాలని నడుము ఒక పక్కకు ఎత్తి కాలును బయటికి తిప్పి వేసేదాన్ని, ఎండ ముదిరితే అదీ చేతనయ్యేది కాదు. ప్రొద్దుటూరులో డాక్టరు పరీక్షలన్నీ చేయించి మల్టిపుల్ స్క్లెరోసిస్ అన్నాడు, నరాల పైపొర దెబ్బతిని మెదడు చెప్పేది కాలికి సరిగ్గా అందని జబ్బట, పూర్తిగా పోదట. "ప్రభువా, పరుగెత్తాలని అడగను, నీ బల్ల దాకా నా కాళ్ళ మీద నన్ను రానియ్యి" అని అదొక్కటే ప్రార్థించుకుంటూ వచ్చాను.

ప్రొద్దుటూరులోనే ఫిజియోథెరపీ చేసే ఆమె నన్ను వరండాలో అటూ ఇటూ నడిపించి చూసింది. "తొడలో బలం ఉండాది కదక్కా, లేవనిది పాదమే. దానికింత ఆసరా ఉంటే సాలు" అని, బూటులో ఇమిడి పిక్క దాకా వచ్చే ప్లాస్టిక్ పట్టీ చేయించింది. మడమ ముందు ఆనించి తర్వాత వేళ్ళు దించడం ఓపిగ్గా నేర్పింది. కొన్ని వారాలకు బజారు దాకా నడిచాను.

అయితే నా తెలివి చూడండి. మన మందిరంలోకి ఎవరూ చెప్పులతో రారు గదా, నేనూ ప్రతి ఆదివారం బూటూ పట్టీ గుమ్మం బయటే విప్పి, నున్నటి కడప బండల మీద వట్టి పాదం ఈడ్చుకుంటూ పోయేదాన్ని, అదే భక్తి అనుకున్నాను. ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ఒక సంస్కారపు ఆదివారం, ఆ బల్లకు నాలుగడుగుల దూరంలో, అందరి ముందూ బోర్లా పడ్డాను. ఆ తర్వాత రెండు నెలలు మందిరానికే పోలేదు.

మార్తమ్మక్క ఇంటికొచ్చింది. "ఏందిమే, బజారుకు బాగనే పోతాండావంట, దేవుని దగ్గరికైతేనే కాళ్ళు రావా?"

"బూటేసుకొని లోపలికి యాడ వచ్చేదక్కా?"

"అది నీ కాలు మే. నేను కండ్లద్దాలు బయట పెట్టొచ్చి వాక్యం చదువుతాండానా?"

ఆ ఆదివారం ఆమే గుమ్మం దగ్గర కూర్చొని నా బూటు అడుగు తడిగుడ్డతో తుడిచింది. పాస్టరు అయ్యగారు చూసి, "రామ్మా" అన్నారు, అంతే. మడమ, వేళ్ళు, మడమ, వేళ్ళు అనుకుంటూ బల్ల దాకా నడిచాను. పడలేదు. నా కాళ్ళ మీదే నిలబడి రొట్టె అందుకున్నాను.

జబ్బు ఉంది, మందులు వాడుతున్నాను, ఎండాకాలం కర్ర కూడా పట్టుకుంటాను. కానీ నన్ను ఇంట్లో కూర్చోబెట్టిన సిగ్గు నుంచి ప్రభువు నన్ను విడిపించాడు, మహిమంతా ఆయనదే. కాలో చెయ్యో సరిగ్గా లేదని గుమ్మం బయటే ఆగినవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, ఆయన్ని నమ్మి, ఉన్న ఆసరాతోనే లోపలికి రండి.

పులివెందుల దగ్గర తొండూరు నుంచి ఫిజియోథెరపీకి వచ్చే సరోజ అనే చెల్లెలికీ ఇదే జబ్బు. పట్టీ చేయించుకొని కూడా, నలుగురూ చూస్తారని బీరువాలో పెట్టి, గోడ పట్టుకొని తిరుగుతోంది. మీరు మోకరించినప్పుడు ఆ చెల్లెల్ని పేరు పెట్టి తలచుకోండి.