బొట్టుబిళ్ళల కంప్యూటర్

ఆ రోజుల్లో మా ఎల్లారెడ్డిలో కంప్యూటర్ ఉన్న గదిలోకి వెళ్ళాలంటే చెప్పులు బయట విడవాలి. ఎందుకని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. దుమ్ము పడితే వైరస్ వస్తుందని కొందరు నమ్మేవాళ్ళు, అది సరస్వతి అని ఇంకొందరు అనేవాళ్ళు. రెండు కారణాలూ చెప్పులు విడవడానికి సరిపోయేవి. ఇప్పుడు మంచం మీద పడుకుని పొట్ట మీద పెట్టుకుని వాడే వస్తువు గురించే ఇదంతా అంటే మా పిల్లలు నమ్మరు. అయితే నాకు మాత్రం కంప్యూటర్ మీద భక్తి కంటే ఆరా ఎక్కువ. కదిలే వస్తువు ఏది కనబడినా అది ఎందుకు కదులుతుందో తెలుసుకునేదాకా అన్నం దిగేది కాదు. (మా ఇంట్లో గోడగడియారం నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఆగిపోయింది. విప్పింది నేనే. బిగించాక మూడు మరలు మిగిలాయి. ఆ సంగతి ఇన్నాళ్ళకు ఒప్పుకుంటున్నాను.)

రెండువేల పన్నెండులో నేను డిగ్రీ మూడో ఏడు ముగించి, ఒక్క స్టాటిస్టిక్స్ పేపర్ మాత్రం మిగుల్చుకుని, బస్టాండు రోడ్డులో ఉన్న ఫోటో స్టూడియోలో పనికి కుదిరాను. దాని యజమానిని ఊరంతా స్టూడియో అన్న అనేది. పాస్‌పోర్టు ఫోటోలు, పెళ్ళికార్డులు, ఆల్బమ్‌లు మా పని. శుక్రవారం వస్తే ఇంకో పని ఉండేది. గల్ఫ్ దేశాల్లో ఆ రోజు సెలవు కాబట్టి, చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు మా దుకాణానికి వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుని, అక్కడున్న మగవాళ్ళను తెర మీద చూస్తూ మాట్లాడుకునేవాళ్ళు. శుక్రవారాల్లో మా గుమ్మం ముందు చెప్పుల కుప్ప చూస్తే లోపల పెళ్ళి జరుగుతోందేమో అనిపించేది.

స్టూడియో అన్నకు ఇంగ్లీషు అక్షరాలు రావు. అంకెలు మాత్రం వచ్చు. అయినా కంప్యూటర్‌ను నాకంటే వేగంగా నడిపేవాడు. దానికి ఆయన కనిపెట్టిన పద్ధతి ఒకటుంది. తెర అడుగున పట్టీలో ఏ ప్రోగ్రాము బొమ్మ ఎక్కడుందో, సరిగ్గా దాని కింద మానిటర్ ప్లాస్టిక్ అంచు మీద ఒక బొట్టుబిళ్ళ అంటించుకున్నాడు. బిళ్ళలు వదిన పెట్టెలోంచి తెచ్చినవే. ఎర్రది పెద్దబిళ్ళ అంటే గల్ఫ్ మాటలు, ఆకుపచ్చది ఫోటోలు, నల్లచుక్క పెళ్ళికార్డులు. "లోపల ఏమున్నదో మనకెందుకురా, బొట్టు సక్కగున్నదా లేదా సూస్కుంటే సాలు" అనేవాడు. ఆయన చెయ్యి బిళ్ళను చూసుకుని దాని పైకి పోయేది, రెండుసార్లు టకటకా నొక్కేది, పని అయిపోయేది. దసరాకు కుంకుమ కూడా పెట్టేవాళ్ళు కాబట్టి, మా కంప్యూటర్ ఏ పేరంటానికో బయలుదేరినట్టు కళకళలాడుతూ ఉండేది. నాకు మాత్రం తల తీసేసినట్టుండేది.

ఒకసారి అన్న నన్ను పెన్‌డ్రైవ్ ఇచ్చి కామారెడ్డి పంపాడు. అక్కడ ఆల్బమ్‌లు అచ్చువేసే చోట ఒక అద్దాల గది, అందులో ఏసీ, ఆ ఏసీలో కొరికిన పండు గుర్తున్న కంప్యూటర్ ఒకటి. అలాంటిదాన్ని కళ్ళారా చూడటం నాకు అదే మొదలు. దాని తెర అడుగున బొమ్మల వరుస ఒకటి ఉంది. డిజైనర్ మౌస్‌ను దాని మీదుగా తీసుకెళ్తుంటే, ఒక్కొక్క బొమ్మ పెద్దదై, పక్కవాటిని కాస్త పక్కకు నెట్టి, మౌస్ దాటిపోగానే మళ్ళీ ఒదిగిపోతోంది. నేను వచ్చిన పని మరచిపోయాను. "అన్నా, అవి ఎట్ల ఉబ్బుతున్నయి?" అని అడిగాను. ఆయన నన్ను కింద నుంచి పైదాకా చూసి, "పెన్‌డ్రైవ్ తెచ్చినవా?" అన్నాడు. తెచ్చాను. తిరుగు బస్సు ఎల్లారెడ్డి చేరేదాకా కిటికీలోంచి కనిపించిన ప్రతి చెట్టూ దగ్గరికి రాగానే ఉబ్బి, వెనక్కు పోగానే ఒదిగిపోతున్నట్టే తోచింది.

దాన్ని డాక్ అంటారని, మామూలు కంప్యూటర్‌కు కూడా అలాంటిది తగిలించే చిన్న ప్రోగ్రాము ఉచితంగా దొరుకుతుందని నెట్‌లో వెతికితే తెలిసింది. ఆ చిన్న ప్రోగ్రాము దిగడానికి నాలుగు రోజులు పట్టింది, ఎందుకంటే సగం దిగేసరికి కరెంటు పోయేది. ఐదో రోజు గురువారం. అన్న ఒక పెళ్ళికి ఫోటోలు తీయడానికి పోచారం వెళ్ళాడు. నేను తలుపు దగ్గరగా వేసి పని మొదలుపెట్టాను. పాత పట్టీని దాచేశాను. తెర మీదున్న లక్ష్మీదేవిని తీసేసి ఊదారంగు నక్షత్రాల ఆకాశం పెట్టాను. అడుగున డాక్ పెట్టాను. పండు కంప్యూటర్‌లో మన ప్రోగ్రాముల బొమ్మలు ఉండవు కాబట్టి అందంగా కనబడినవి ఏరుకుని తగిలించాను. ఫోటోలకు ఈక, పెళ్ళికార్డులకు దిక్సూచి, గల్ఫ్ మాటలకు పావురం, చివర చెత్తబుట్ట. మౌస్ దగ్గర లేనప్పుడు వరుస మొత్తం కిందికి దిగి మాయమయ్యే ఏర్పాటు కూడా చేశాను. ఉబ్బే కొలత ఎంతదాకా పెంచవచ్చో చూద్దామని పెంచుకుంటూ పోయాను. అసలు కంప్యూటర్‌లో ఉబ్బేదానికి రెండింతలు ఉబ్బింది మాది.

ఇంకేముంది, వెనక్కు జరిగి తృప్తిగా చూసుకున్నాను. ఊదా ఆకాశం, గాజు పలక లాంటి వరుస, దాని కింద... ఎర్రబిళ్ళ, పచ్చబిళ్ళ, నల్లచుక్క. విదేశీ దొరకు బొట్టు పెట్టినట్టుంది. గోటితో ఒక్కొక్కటీ గీకేశాను. జిగురు పోవడానికి స్పిరిటుతో తుడిచాను. మర్నాడు పొద్దున్నే నాకు కామారెడ్డిలో స్టాటిస్టిక్స్ సప్లిమెంటరీ పరీక్ష ఉందని, మర్నాడు శుక్రవారమని, ఈ రెండూ కలిపితే ఏమవుతుందో లెక్క వేయాలని నాకు తట్టలేదు. (స్టాటిస్టిక్స్ ఎందుకు తప్పానో మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది.)

పరీక్ష ఒంటిగంటకు ముగిసింది. గేటు ఎదురుగా చాయ్ హోటల్లో దాచిన ఫోన్ తీసుకుని ఆన్ చేయగానే అన్న నుంచి పదకొండు మిస్డ్ కాల్స్ కనబడ్డాయి. పన్నెండోది అప్పుడే మోగింది.

"అరేయ్, కంప్యూటర్‌ను ఏం చేసినవ్‌రా? లక్ష్మీదేవి ఏడవోయింది? పట్టీ ఏడవోయింది? నా బొట్లు ఏడవోయినయ్?"

"అన్నా, అది... పండు కంప్యూటర్ లెక్క చేసిన."

"నీ పండు పాడుగాను! నాగిరెడ్డిపేట అవ్వ కోడల్ని, మనుమరాల్ని తోల్కొని పొద్దుగాల్నే వచ్చింది. కొడుకు ఆడ దుబాయిల తయారుగ కూసున్నడు. వాళ్ళ రూముల ఎనిమిది మందికి ఒక్కటే లాప్‌టాప్. ఒకటిన్నరకు వాని వంతు అయిపోతది. మల్ల వచ్చే శుక్రవారమే."

ఆ అవ్వను నేనెరుగుదును. వడ్లు పండే పొలం కొంచెం, బీడీల పని కొంచెం, మిగతాదంతా దుబాయిలో ఉన్న కొడుకు. అతను వెళ్ళేనాటికి కోడలికి మూడో నెల. ఇప్పుడు బిడ్డకు ఐదు నెలలు నిండాయి, కోడలు బిడ్డతో పుట్టింటి నుంచి వచ్చింది మొన్ననే. తండ్రి బిడ్డ ఏడుపు ఫోన్లో విన్నాడే గాని కంటితో చూసింది లేదు. చూడబోయేది ఆ రోజే. గోడ మీద గడియారం ఒంటిగంటా ఎనిమిది నిమిషాలు చూపిస్తోంది.

"అన్నా, స్పీకర్ పెట్టు. మౌస్‌ను తెర కిందికి తే."

"తెచ్చిన... అబ్బో, వచ్చినయిరా! ఎక్కడ్నుంచి వచ్చినయ్ ఇవి?"

"అండ్ల పావురం ఉంటది చూడు. దాన్ని ఒత్తు. ఒక్కసారే ఒత్తు."

"పావురమా? కంప్యూటర్ల పావురం ఎందుకున్నదిరా?"

"మాటలు మోసుకపోతది గదా అని పెట్టిన." చెబుతుంటే నాకే సిగ్గేసింది. చాయ్ హోటల్ ఆయన గ్లాసు కడగడం ఆపి నా వైపు చూశాడు.

ఆ తరువాత పది పన్నెండు నిమిషాల్లో జరిగిందంతా నేను చెవితో చూశాను. అన్న పావురం వైపు పక్కనుంచి వెళ్తాడు. వెళ్ళేదారిలో ఈక ఉబ్బుతుంది, పావురం పక్కకు జరుగుతుంది. అన్న తడబడి నొక్కుతాడు, అదీ అలవాటు కొద్దీ రెండుసార్లు. ఈక తెరుచుకుంటుంది. మూసి మళ్ళీ వెళ్తాడు. ఈసారి దిక్సూచి తెరుచుకుని ఎవరిదో పెళ్ళికార్డు తెరంతా నిండుతుంది. "దగ్గరికి పోంగనే ఉబ్బుతున్నయిరా! ఉబ్బుడు కాదు, ఉరుకుతున్నయి!" అని అరుస్తాడు. చెత్తబుట్ట మూడుసార్లు తెరుచుకుంది. పావురం ఎడమ నుంచి ఎన్నోదని అడిగితే నాకు గుర్తు రాలేదు. ముందురోజు దాన్ని పదిసార్లు అటూ ఇటూ మార్చాను మరి. ప్రశ్నపత్రం వెనక గీతలు గీసుకుని, ఈక ముందా దిక్సూచి ముందా అని తల పట్టుకుని కూర్చున్నాను. లోపల రాసిన పరీక్షకంటే అదే కష్టంగా ఉంది. వెనక నుంచి బిడ్డ ఏడుపు, "అత్తా, ఇయ్యాల గాదేమో, పోదాం పా" అని కోడలి గొంతు వినబడ్డాయి. ఆ గొంతు విన్నాక నా తెలివి మీద నాకే అసహ్యం వేసింది.

అప్పుడు అవ్వ మాట్లాడింది. "జర జరుగు కొడుకా. నేను గంటసంది సూస్తున్న. అవి కోళ్ళ తీరుగున్నయి. పక్కకెల్లి ఉరికితే మందంత జరుగుతది, ఒక్కటి గూడ చిక్కది. పైకెల్లి కమ్మాలె. గది నా చేతికియ్యి."

"అవ్వా, ఇది మౌసు."

"ఏదైతేంది."

ఒక క్షణం తరువాత అన్న గొంతు. "అవ్వా, లేపొద్దు! గాలిల లేపితే పనిచెయ్యది. బల్ల మీద్నే జరుపు." అవ్వ పైకెల్లి కమ్మాలన్న మాట ప్రకారం మౌస్‌ను నెత్తి దాకా ఎత్తిందట. అన్న బల్ల మీద ఎటు జరిపితే బాణం పైకి పోతుందో చూపించాడు. ఆమె బాణాన్ని నక్షత్రాల్లోకి తీసుకెళ్ళి, వరుస మాయమయ్యేలోపే పావురం నెత్తి మీదికి తెచ్చి, ఊపిరి బిగబట్టి, తిన్నగా కిందికి దింపింది. పావురం ఉన్నచోటే ఉబ్బింది. పక్కకు జరగలేదు.

ఆ డాక్ ఎలా పనిచేస్తుందో నాలుగు రోజులు చదివినవాణ్ణి నేను. పక్కనుంచి వస్తే జరుగుతుంది, పైనుంచి వస్తే జరగదు అన్న ముక్క నాకు తెలియనే తెలియదు.

నొక్కింది. బుడబుడమని కాల్ మోగే చప్పుడు వినబడింది. ఒంటిగంటా ఇరవై నిమిషాలు. మోగుతూనే ఉంది. తరువాత, దూరం నుంచి వచ్చే ఒక మగ గొంతు. "అవ్వా! గా మౌసు నువ్వు పట్టినవేందే?"

"పట్టిన గని, నా మొకం ఎనుక సూద్దువు. ముందుగాల బిడ్డను సూడు."

ఆ తరువాత ఏమీ వినబడలేదు. నెట్ పోయిందనుకున్నాను. మా నెట్ అలాంటిదే. ఫోన్ చెవికి అదిమిపెట్టుకుని, ఇది కూడా నా వల్లే అయిందని తిట్టుకుంటున్నాను. అంతలో కోడలి గొంతు వినబడింది, చాలా మెల్లగా. "ఏడ్వకు. బిడ్డ బెదురుతది." నా కళ్ళల్లో కూడా నీళ్ళు తిరిగాయి. కాసేపటికి అన్న ఫోన్ పట్టుకుని దుకాణం బయటికి వచ్చినట్టున్నాడు, బస్సు హారన్ వినబడింది. "పెట్టేస్తున్నరా" అన్నాడు. అప్పటిదాకా అరిచిన మనిషేనా అనిపించింది.

సాయంత్రం భయపడుతూ ఎల్లారెడ్డిలో దిగి, చెప్పులు మామూలుకంటే దూరంగా విడిచి లోపలికి వెళ్ళాను. అన్న తల ఎత్తలేదు. గాజుల దుకాణం నుంచి తెచ్చిన కొత్త బొట్టుబిళ్ళల అట్ట బల్ల మీద నా వైపు జరిపాడు.

"పావురం కింద ఎర్రది పెట్టు. పెద్దది."

"అన్నా, పాత తీరుగనే చేస్త. ఇదంత తీసేస్త."

"తీస్తే అవ్వకు నువ్వు జవాబు చెప్తవా? వచ్చే శుక్రవారం గూడ మౌసు నేనే పడత అని చెప్పి పోయింది."

అలా డాక్ ఉండిపోయింది, లక్ష్మీదేవి తిరిగి వచ్చింది, అంచు మీద బొట్లు మళ్ళీ వెలిశాయి. మాయమయ్యే ఏర్పాటు తీసేశాను. ఉబ్బడం కూడా తగ్గించాను. పై శుక్రవారం అవ్వ కూర్చుని, మౌస్ దింపి, మొహం చిట్లించి, "ఇయ్యాల ఇవి ఉబ్బుతలేవేంది? మేత పెట్టలేదా?" అంది. మళ్ళీ పెంచాను. (ఆ స్టాటిస్టిక్స్ పేపర్ ముప్పై ఆరు మార్కులతో గట్టెక్కింది. ఎలా గట్టెక్కిందో నాకు తెలియదు.)

తరువాత కొన్నేళ్ళకు నేను కామారెడ్డిలోనే ఒక ఆల్బమ్ డిజైన్ ఆఫీసులో చేరాను. మొదటిరోజు నా ముందు పెట్టింది అసలుసిసలు పండు కంప్యూటర్. అడుగున అదే వరుస. ఇన్నాళ్ళూ దేన్ని చూసి నకలు కొట్టానో అది నా చేతికింద ఉంది. మౌస్ పట్టుకున్నాను. చెయ్యి తనంతట తానే బాణాన్ని పైకి తీసుకెళ్ళి, అక్కణ్ణుంచి తిన్నగా కిందికి దింపింది. బొమ్మ కుదురుగా ఉబ్బింది. నాకు నవ్వొచ్చింది. ఎడమచేతి వేలు మాత్రం తెర అడుగు అంచు మీద దేనికోసమో తడుముకుంటోంది. చూస్తే అంచు నున్నగా, చల్లగా ఉంది. అంత ఖరీదైన వస్తువు, దాని మీద ఒక్క బొట్టు కూడా లేదు.

మర్నాడు ఆఫీసుకు వెళ్తూ మా ఆవిడ పెట్టెలోంచి ఒక ఎర్రబిళ్ళ తీసుకుని జేబులో వేసుకున్నాను.