కత్తెర పడని అల్లిక

బొలీవియాలో, లా పాజ్‌లోని ఆ చిన్న వర్క్‌షాపులో బసీలియా చేతికి తిరుగులేదు. వెంట్రుకంత తీగతో, ఎక్కడా తెంపకుండా, గోరంత టోపీ అల్లుతుంది. పుట్టుకతో గుండెలో బొక్క ఉన్న పిల్లలకి దాన్ని తొడ నరంలోంచి పంపించి మూసేస్తారు. ఛాతీ కొయ్యనక్కర్లేదు. ఐమారా తెగవాళ్ళం, నేసిన గుడ్డకే కత్తెర పెట్టం, పిల్ల గుండెకి పెట్టనిస్తామా?

పదకొండేళ్ళుగా అల్లుతోంది గానీ, జబ్బు పిల్లని ఒక్కర్నీ కళ్ళారా చూడలేదు. తీగ తెలుసు, కొలత తెలుసు, అంతే! అందుకే మూడేళ్ళ కిందట చెల్లెలు నెమెసియా, "అక్కా, నా మనవరాలు పాలు తాగుతుంటే ఆయాసపడుతోందే, ఒళ్ళంతా చెమటలు పట్టేస్తున్నాయి" అని మొత్తుకుంటే, పెద్దరికం వెలగబెట్టింది.

"పిల్ల దడుసుకుందే పిచ్చిదానా! ప్రాణం ఎక్కడో జారిపోయింది, పిలిపించు. పుట్టువెంట్రుకల పండగయ్యాక చూద్దాం."

పండగైంది. పిల్ల చొక్కా ఊపుతూ "లిడియా, రావే తల్లీ" అని మూడుసార్లు ప్రాణాన్ని పిలిపించారు. ఆయాసం తగ్గితే ఒట్టు.

ఈ ఏడు పరీక్ష చేయిస్తే బొక్క బయటపడింది. కొలత చేతికి రాగానే బసీలియా రెండు రోజులు కూర్చుని అల్లింది. అంత కుదురైన అల్లిక తన చేతికి మునుపెన్నడూ రాలేదు.

తీరా ఆసుపత్రిలో లోపలి ఒత్తిడి కూడా చూసి, డాక్టరమ్మ ఆ టోపీని తిరిగి బసీలియా చేతిలోనే పెట్టేసింది.

"పెద్దమ్మా, కొలత అతికినట్టుంది. పిల్లకే ఆలస్యమైపోయింది. ఊపిరితిత్తుల్లో ఒత్తిడి ముదిరింది. ఇప్పుడు ఆ బొక్కే దానికి ఆసరా. మూస్తే గుండె ఆగిపోతుంది."

"మూడేళ్ళ కిందట తెచ్చుంటే?"

డాక్టరమ్మ తల దించుకుంది. "మూసేవాళ్ళం."

బయట బెంచీ మీద నెమెసియా, ఒళ్ళో నిద్రపోతున్న లిడియా. బసీలియా అంతా చెప్పింది. ఆగమన్నది తనేనన్న మాట మాత్రం దాటేసింది. ఏం పెద్దరికమమ్మా! నెమెసియా తిట్టినా బాగుండేది. తిట్టలేదు.

"మరీ బిగుతుగా అల్లావేమోనే అక్కా," అంది ఆశగా. "కాస్త వదులు చేసి చూడవే. నీ చేతికి రానిదేముంది?"

లోపం అల్లికలో లేదని ఇంకెలా చెప్పాలి? పిల్ల నల్లబడ్డ పెదాలకేసి చూసింది. ఎంత వదులు చేసినా పనికిరాదని తెలిసీ, సంచిలోంచి సూది తీసి, ఆ గోరంత టోపీని చివరి ముడి నుంచి విప్పడం మొదలుపెట్టింది.