కళావతి బోళ్ళ మెరుపు

మొఘల్‌పురాలో కళావతి తోమిన బోళ్ళ గురించి కథలుగా చెప్పుకునేవాళ్ళు. ఆమె గూట్లో చెంబు పెడితే, ఎదురింటాయన తన కిటికీలోంచే అందులో చూసుకుంటూ గడ్డం గీసుకునేవాడట. ఓ కాకి అందులో తనను తాను చూసుకుని, ఎవరో దాయాది అనుకుని, పొద్దుగూకేదాకా కొట్లాడిందట. కాకి మాట ఎలా ఉన్నా, చెంబు మెరుపు మాత్రం నిజం.

ఆ మెరుపు మోరీ మట్టిది. బంగారం పనివాళ్ళ గల్లీలో వాన పడితే, గడపల్లో రాలిన బంగారు పొడీ, రోడ్డు మీది దుమ్మూ కొట్టుకొచ్చి, మురుగునీళ్ళు పారే మోరీ మలుపు దగ్గర ఒండ్రుగా దిగుతాయి. తొలకరికి మరీ ఎక్కువ. కళావతి ఆ ఒండ్రు ఎత్తుకొచ్చి, వాకిట్లో తట్టలో పోసి, నీళ్ళు తిప్పి తిప్పి కడిగి, అడుగున మిగిలిన పసుప్పచ్చ నలుసులు అమ్మి ఇల్లు నడిపింది. మొగుడు పోయాక కొడుకు పెళ్ళీ దానితోనే చేసింది. నలుసులు తీశాక మిగిలే నల్లటి మెత్తటి మట్టిని పారబోయడానికి మనసొప్పేది కాదు. బంగారం పక్కన పడుకుని వచ్చిన మట్టి కదా! ఎండబెట్టి డబ్బాలో పోసి, దానితోనే బోళ్ళు తోమేది.

వేళ్ళ కొసలు ఎప్పుడో మొద్దుబారాయి. పెనం మీది రొట్టెను వట్టి చేత్తో తిప్పేసేది.

"అత్తా, కాలుతలేదా?" అని కోడలు రూప అడిగితే నవ్వేది.

"మోరీల నానిన వేళ్ళే ఇవి. యముడొచ్చి చెయ్యి పట్టుకున్నా నాకు తెల్వది."

మనవరాలు తనూజ బడికి పోయే పిల్ల. కడుపునొప్పి అనేది, తిన్నది కక్కేది. వచ్చిన అక్షరాలు కూడా మరిచిపోసాగింది. పెద్దాసుపత్రిలో నెత్తురు పరీక్ష చేసి, సీసం ఉందన్నారు.

"ఇంట్ల బ్యాటరీల పని గిట్ల ఎవరన్నా చేస్తరా?" అని డాక్టరమ్మ అడిగింది.

"లేదు మేడం," అంది రూప. "మా ఇల్లు మస్తు సాఫ్. మా అత్త తోమిన బోళ్ళు చూడాలె మీరు. సబ్బు గూడ ముట్టది, మోరీ మట్టితోటే తోముతది."

కళావతి గర్వంగా తల ఊపింది.

డాక్టరమ్మ కళావతి చెయ్యి అందుకుని వేళ్ళ కొసలు గిల్లి చూసింది; ఆమెకు తెలియలేదు. తర్వాత మెల్లగా చెప్పింది. "వాన మీకు బంగారం ఒక్కటే తెస్తదా, పెద్దమ్మా? బ్యాటరీల సీసం, బండ్ల బ్రేకుల పొడి, గోడల రంగు, అన్నీ కడిగి ఆ మోరీలకే తెస్తది. తోమినంక పళ్ళెంల ఇంత మిగుల్తది, అన్నంతోటి పిల్ల కడుపులకు పోతది. మీ వేళ్ళు గిట్లయింది గూడ దానితోనే కావచ్చు. మందులు రాస్తున్న. కానీ ఆ మట్టి మళ్ళ ఇంట్లకొస్తే ఏ మందూ పనిచెయ్యది."

కళావతికి ఏడుపు రాలేదు. వస్తుందేమోనని ఆటోలో ఇంటిదాకా చూసింది. రాలేదు.

రూప బోళ్ళన్నీ సబ్బుతో కడిగింది. మళ్ళీ కడిగింది. మట్టి డబ్బాను ఏం చెయ్యాలో ఇద్దరికీ తోచలేదు. మోరీలో పోస్తే మళ్ళీ వానకు ఇంకెవరింటికో పోతుంది. మూత బిగించి మిద్దె మీద పెట్టారు. రూప అత్తను ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండు అనుకుంది కళావతి.

సాయంత్రం ఎప్పటిలాగే మనవరాలికి పప్పన్నం కలపబోయింది. రూప ఆ చేతివైపు చూసింది. గోళ్ళ సందుల్లో ఎంత తోమినా పోని నలుపు. కళావతి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అమ్మ పెడతది, బిడ్డా."

"ఊహూఁ, నువ్వే పెట్టు నానమ్మా."

రూప లోపలికి వెళ్ళి చెంచా తెచ్చి అత్త చేతిలో పెట్టింది. "దీనితోటి పెట్టు."

అప్పుడే వాకిటి రేకుల మీద టపటపమంటూ తొలకరి మొదలైంది. గల్లీ చివర నుంచి ఎవరో కేకేశారు.

"కళావతక్కా! మోరీ నిండుతుంది, తట్ట తీసుకొని రా!"

తనూజ నోరు తెరిచి కూర్చుంది. బయట మళ్ళీ కేక వినిపించింది. కళావతి చెంచా వైపే చూస్తోంది. చూపు తిప్పితే, అది చేతిలో ఉందో జారిందో ఆమెకు తెలియదు.