నాలుగు చీటీల నుంచి బయటపడ్డ సెనోబియా

బొలివియాలోని ఓరూరో సంతలో చూన్యో, అంటే మంచులో ఆరేసి ఎండబెట్టిన బంగాళాదుంపలు, అమ్మే సెనోబియా చోకె సాధించినవి చెప్పాలంటే వేళ్లు చాలవు. ముప్పై ఏళ్లుగా ఒకటే కొట్టు. పెద్దకూతుర్ని నర్సును చేసింది, చిన్నకూతుర్ని పంతులమ్మను చేసింది. కార్నివాల్ ఊరేగింపులో పదకొండేళ్లు వరసగా ఆడింది. ఒక్క అడుగూ తప్పలేదు. అయినా నన్నడిగితే వీటన్నిటికంటే ముందు ఆమె చీటీల సంగతే చెబుతాను.

సంతలో పదిమంది ఆడవాళ్లు కలిసి వారానికి తలా రెండు వందల బొలివియానోలు వేసి చీటీ కట్టుకుంటారు, పోగైన రెండు వేలు వారానికొకరు ఎత్తుకుంటారు. మొదటి వంతు కోసం అందరూ పోటీపడతారు. సెనోబియా అలా నాలుగు చీటీల్లో చేరి, నాలుగూ మొదట్లోనే ఎత్తుకుంది. ప్రతిసారీ చేతిలో పడ్డ రెండు వేలూ తన సంపాదనే అనుకుంది. ఊరేగింపుకు కొత్త లంగాలు, ఇంటికి టీవీ వచ్చాయి. ఆ తర్వాత వారం వారం ఎనిమిది వందలు కట్టాలి, కొట్టు మీద మిగిలేది ఆరువందలే. ఒక శనివారం మధ్యాహ్నానికి దుంపలన్నీ అమ్ముడుపోయాయి, డబ్బంతా చీటీలకే పోయింది, కొత్త బస్తా కొనడానికి చిల్లిగవ్వ లేదు. పక్క కొట్టామె దగ్గర అరువు తెచ్చి అమ్మాల్సి వచ్చింది. అప్పుడు తెలిసింది తాను మునిగిపోయానని. ఒక్క వారం తప్పినా ఆ నాలుగు చీటీల వాళ్ల నమ్మకం పోతుంది, దాంతో కొట్టూ పోతుంది.

మరుసటి వారం సంతలో చీటీలు నడిపే దోన్యా ఫెలిసా ఐదో చీటీ మొదలుపెట్టింది. అలవాటు ప్రకారం మొదటి వంతు సెనోబియాకే ఉంచింది. అది ఎత్తుకుంటే ఈ పది వారాలూ గడిచిపోతాయి. సెనోబియా తల దించుకోలేదు.

"నాకొద్దు అక్కా. నేను నాలుగు చీటీల్లో ఉన్నాను. నాలుగూ ఎత్తేశాను."

"అయితే మా అందరిలో నువ్వే కలిగినదానివన్నమాట," అని ఒకామె నవ్వింది.

"ఎత్తినరోజు కలిగినదాన్నే. ఇప్పుడు మీ అందరి పనిమనిషిని."

అందరూ గొల్లుమన్నారు. నాలుగు చీటీల వాళ్లూ అక్కడే ఉన్నారు గనక ఒకరిద్దరి ముఖాలు మాత్రం మారాయి. ఫెలిసా ఒకటే అడిగింది.

"కడతావా?"

"కడతాను. ఇవన్నీ అయ్యాక ఇంకో చీటీ వేసేటప్పుడు నన్ను రాసుకో. చివరి వంతుకు."

చివరి వంతు అడిగి తీసుకునేవాళ్లను ఆ సంతలో ఎవరూ చూడలేదు. సెనోబియా కొట్టులో సగం ఉల్లిపాయలమ్మే ఆమెకు వారానికి నూటయాభైకి ఇచ్చింది. మధ్యాహ్నం బయట సూప్ తాగడం మానేసి, ఇంటినుంచి అన్నం గిన్నె తెచ్చుకుంది. ఆ ఏడు ఊరేగింపులో ఆడకుండా, రోడ్డు పక్కన నిలబడి చూసింది. మొగుడు రుఫీనో ఎగతాళి చేస్తే, నీ పక్కన నిలబడి చూడటం కూడా బాగానే ఉందిలే అని నోరు మూయించింది. పది వారాల్లో నాలుగు చీటీలూ తీరిపోయాయి.

తర్వాతి చీటీలో ఆమె వంతు చివరికే వచ్చింది. ఆ రెండు వేలలో ఎవరికీ తిరిగి కట్టాల్సింది ఒక్క బొలివియానో కూడా లేదు. కొత్త దుంపల బస్తాలు దించే మనిషి అరువు ఎవరి పేరున రాసుకోమంటారు అని అడిగితే, ఆమె నోట్లు వాడి చేతిలో పెట్టింది.

"పేరెందుకయ్యా? బస్తాలు లోపల పెట్టు."